నోరు జారని బ్రౌజర్

“నీ దగ్గర నోరు జారని బ్రౌజర్ ఏదైనా ఉందా, కసేరో?”

మిర్తా నాతో అన్న మొదటి మాట ఇది. మా సంతలో కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ మగవాళ్ళని కసేరో అని, ఆడవాళ్ళని కసేరా అని పిలుచుకుంటారు. మార్చి నెల, గురువారం పొద్దున. కొండల మీదున్న మా ఎల్ ఆల్తో ఊరి సంతలో దుకాణాలు ఇంకా సగమే తెరిచారు. నేను రిపేరుకొచ్చిన ఫోన్ వెనక మూత విప్పి, కింద పడ్డ స్క్రూ కోసం వెతుకుతున్నాను. తలెత్తితే ఎర్ర కుచ్చుల పావడా, నడుము దాకా రెండు జడలు, చలికి కందిన బుగ్గలు, ఆ బుగ్గల మీద మహా కోపం. ఆ స్క్రూ ఈనాటికీ దొరకలేదు.

“ఫోన్ ఏం చేసింది, కసేరా?”

“మొన్న నేనేదో చూసుకున్నాను. ఇవాళ మా అమ్మ ఉన్ని ధరల వీడియో పెడితే, దాని నెత్తిన నేను చూసిందే ప్రకటనగా వచ్చి కూర్చుంది. దీని నోట్లో నువ్వుగింజ నానదు.”

“ఇంతకీ ఏం చూశావేంటి?”

“అది అడగనివాడి కోసమే సంతంతా తిరుగుతున్నాను. వెళ్ళిపోనా?”

“అబ్బే, కూర్చో కూర్చో.”

ఇంట్లో ఇద్దరికీ ఒకటే ఫోన్‌ట. వాళ్ళమ్మ దోన్యా సతుర్నీనా అని చెప్పగానే ఫోన్ కింద పెట్టేశాను. మా దుకాణాల వరుస సంఘానికి పెద్ద ఆవిడే, అందరం గౌరవంగా దోన్యా అనే పిలుస్తాం. ఎవరి దుకాణం ఎక్కడ ఉండాలో, అసలు ఉండాలో వద్దో చెప్పేది ఆవిడే. నా బల్లకి ఆ మూరెడు చోటు దొరకడానికి రెండేళ్ళు ఆవిడ చుట్టూ తిరిగాను.

అయినా ఆ బుగ్గల్ని చూశాక వెనక్కి తగ్గే మనిషెవడు? మూడు బ్రౌజర్లు పెట్టి చూపించాను.

“నక్క బొమ్మ ఉన్నదాన్ని నీకు కావలసినట్టు మార్చుకోవచ్చు, కాకపోతే ఓపిక ఉండాలి. సింహం బొమ్మది ప్రకటనల్ని గుమ్మంలోనే ఆపుతుంది. ఈ బాతుకి ఓ నిప్పు గుర్తుంది చూడు. నొక్కితే తెరిచిన పేజీలు, వాటి జాడలు అన్నీ పోతాయి.”

“మా అమ్మకి చదవడం అంతగా రాదు. బొమ్మ చూసి నొక్కుతుంది. ఆవిడకి ఏది తేలిక?”

“అయితే బాతే. కానీ నిజం చెప్పాలి కదా, ఇది జాడ తుడిచేది ఫోన్‌లోనే. ఏ సైటుకి వెళ్ళావో నెట్ కంపెనీ వాడికి తెలుస్తుంది.”

“వాడు వచ్చి మా అమ్మతో ఉన్ని బేరమాడడు కదా. బాతు పెట్టు.”

పెట్టాను. డబ్బులిచ్చింది కానీ కదల్లేదు.

“కొసరేది?”

“బ్రౌజర్‌కి కొసరేంటి?”

“బంగాళాదుంపలు కొంటే రెండు ఎక్కువేస్తారు. నువ్వేమైనా దిగొచ్చావా?”

మా సంతలో కొసరు ఇవ్వనన్నవాడికి పరువుండదు. ఆదివారం వస్తే ఇంకో సంగతి నేర్పిస్తానన్నాను. వచ్చింది. మళ్ళీ గురువారం వచ్చింది. లొకేషన్ ఎలా ఆపాలో ఒకరోజు, ఏ యాప్‌కి మైకు ఇవ్వకూడదో ఇంకోరోజు. నెల తిరిగేసరికి నాకొచ్చిన విద్యంతా అయిపోయింది. తర్వాత నుంచి ముందురోజే చదువుకుని వచ్చేవాణ్ణి.

“నీకివన్నీ ముందే తెలుసా, లింబర్ట్?” అంది ఒకసారి.

“పుట్టినప్పటి నుంచీ తెలుసు.”

“మరి ఆ కాగితం మీద రాసుకున్నదేంటి?”

కాగితం మీద కూర్చున్నాను. ఆమె నవ్విన నవ్వుకి జడలు ముందుకు పడ్డాయి. అప్పుడు ఆమె అరచేతులు చూశాను. తాడు ఒరుసుకున్న గీతలు, ఎర్రగా. ముఖం కూడా సంతలో కూర్చునేవాళ్ళకన్నా ఎక్కువ కమిలి ఉంది. అడుగుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఒక మనిషిని ఇష్టపడి ఏమీ అడక్కుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

జూన్‌లో ఒక ఆదివారం దోన్యా సతుర్నీనా స్వయంగా నా బల్ల దగ్గరికొచ్చి ఫోన్ నా ముందు పెట్టింది.

“బాబూ, ఇందులో బాతుని పెట్టింది నువ్వేనట.”

“అవును, దోన్యా.”

“దాని లోపల ఏముందో తీసి చూపించు.”

ఆవిడ గొంతులో పెద్దరికం లేదు, భయం ఉంది.

“మొదట్లో ప్రకటనలు చూశాను. గడ్డపలుగు లాంటిది, తాడు, దీపమున్న హెల్మెట్. ఏదోలే అనుకున్నాను. ఇప్పుడు దాని చేతుల నిండా గీతలు. నేను గని ఊరి నుంచి వచ్చినదాన్ని. దీని నాన్న అలాంటి హెల్మెట్ పెట్టుకునే ఒకరోజు పొద్దున వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. దీనికెవడో గనివాడు తగులుకున్నాడు. వాడి పేరు కావాలి నాకు.”

గనివాడు. నిజం చెప్పొద్దూ, ఆ పేరు ఆవిడకన్నా నాకే ఎక్కువ కావాలి.

ఫోన్ తీసుకున్నాను. మిర్తా ఆ రోజు నిప్పు గుర్తు నొక్కడం మర్చిపోయింది. నాలుగు పేజీలు తెరిచి ఉన్నాయని మూలన అంకె చూపిస్తోంది. ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు. చాలాసేపు ఆ అంకె వంకే చూశాను. అడగనివాడని నమ్మి వచ్చిన పిల్ల. ఫోన్ వెనక్కి జరిపాను.

“తెరవలేను, దోన్యా.”

“తెరవలేవా, తెరవవా?”

“తెరవను. అమ్మాయినే అడగండి.”

“నీ చోటు సంగతి వచ్చే నెల మీటింగులో చూస్తాను,” అంది నెమ్మదిగా. అరిచినా బాగుండేది.

“ఆ చోటు జోలికి పోకమ్మా.”

వెనకాలే మిర్తా. రెండు చేతుల్లో వేడి వేడి మొక్కజొన్న జావ గ్లాసులు. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టుంది. గ్లాసులు నా బల్ల మీద పెట్టి, తల్లి భుజాలు పట్టుకుని ఉత్తరం వైపు తిప్పింది. రేకుల కప్పుల మధ్య నుంచి వాయ్నా పొతొసీ మంచుకొండ, తెల్లగా, ఆకాశంలోకి.

“గనివాడెవడూ లేడు. నేను అక్కడికి వెళ్తున్నాను, ఈ శనివారం. కొండ కింద శిబిరాల్లో వంటచేసే ఆడవాళ్ళు పావడాలతోనే శిఖరం ఎక్కుతున్నారు. నన్నూ కలుపుకున్నారు. మూడు నెలల నుంచి నేర్చుకుంటున్నాను. ఉన్ని కోసం పిన్ని ఊరికి వెళ్తున్నానని నీతో చెప్పిందంతా అబద్ధం.”

నేనూ అటే చూస్తున్నాను. పుట్టినప్పటి నుంచీ పళ్ళు తోముకుంటూ చూసే కొండే. ఆరువేల మీటర్ల పైచిలుకు. అక్కడ ఓ మనిషి నిలబడుతుందని, ఆ మనిషి నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని కొసరు అడిగేదని అనుకోగానే ఒళ్ళు జలదరించింది. ఆ కొండని నేను నిజంగా చూసింది ఆ రోజే.

“మీ నాన్న కిందికి పోయి రాలేదు,” అంది తల్లి. “నువ్వు పైకి పోతానంటావా?”

“నువ్వు వద్దంటే ఆగిపోతానమ్మా. అందుకే చెప్పలేదు.”

జావ చల్లారిపోయింది. ఆవిడ కొండని చూసింది, కూతుర్ని చూసింది, మళ్ళీ కొండని.

“లోపల రెండు ఉన్ని లంగాలు ఎక్కువ వేసుకో,” అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ఆవిడ తెల్లవారకముందే వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. ఫోన్ బల్ల మీద మా ఇద్దరి మధ్య. చోటు మాట ఆవిడ ఎత్తలేదు, నాకూ గుర్తు లేదు. ఏడింటికి మోగింది. ఆవిడ దాన్ని నా వైపు తోస్తే నేనే ఎత్తాను. జట్టులో ఎవరిదో ఫోన్‌లోంచి వీడియో కాల్.

ముందు గాలి హోరు. తర్వాత వెలుగు. కాళ్ళ కింద మబ్బులు, దూరంగా సరస్సు, నేల మీద మైళ్ళ కొద్దీ పరుచుకున్న ఆ కొండ నీడ. అన్నిటి మధ్యా గాలికి పొంగుతున్న ఎర్ర పావడా. వరుస వరుసంతా నా బల్ల చుట్టూ మూగింది. బేరాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“అమ్మా, ఎల్ ఆల్తో కనిపిస్తోంది. మన వరుస ఇక్కడే ఎక్కడో ఉంటుంది.”

దోన్యా సతుర్నీనా లేచి నిలబడి, ఫోన్‌కి కాదు, కొండకి చెయ్యూపింది.

“లింబర్ట్ ఉన్నాడా?”

“ఉన్నాను. కానీ మీ అమ్మ, వరుస మొత్తం ఇక్కడే ఉన్నారు. పక్కకి వెళ్ళనా?”

“వద్దు, అక్కడే ఉండు. ఆ రోజు పేజీలు తెరిచే ఉన్నాయని నాకు తెలుసు. నువ్వు ముట్టుకోలేదు. నువ్వంటే నాకిష్టం, లింబర్ట్. అందరూ విననీ.”

ఎవరో ఈల వేశారు. దోన్యా సతుర్నీనా మోచేత్తో నన్ను పొడిచింది.

“ఏం బాబూ, నా పిల్లని అంత చలిలో నిలబెట్టి ఆలోచిస్తావా? చెప్పు.”

“నాకూ ఇష్టమే,” అన్నాను.

గాలికి వినపడలేదంది. బల్ల ఎక్కి, కొండ వైపు తిరిగి, గొంతు చించుకుని మళ్ళీ చెప్పాను.