జంట తుమ్ము

కుజుడి మీద మనవాళ్లకు సినిమా హాలు లేదు, బీచి లేదు. ఉన్నదల్లా గాజు గోపురం కింద ఎర్రమట్టి ట్రాకు, దాని మీద రిమోట్ కార్ల పందేలు. పోయిన నెల అదీ గండంలో పడింది. ఒక కారులోని లిథియం బ్యాటరీ ఉబ్బి, పగిలి, అంటుకుంది. గోపురంలో అందరూ పీల్చేది ఒకే గాలి కదా, ఊరంతా దగ్గుతూ మంచం పట్టింది. భద్రతాధికారి సోమయాజులు గారు ఊరుకుంటారా? ఒక్క పరీక్ష చూస్తాననీ, అందులో తప్పితే కార్లన్నీ కరిగించేస్తాననీ తేల్చి చెప్పారు.

ఆ పరీక్ష హైమవతి నెత్తిన పడింది. ఆవిడ బ్యాటరీల శాస్త్రవేత్త, పైగా పందేలంటే ప్రాణం. సెల్ లోపల వాయువు పుట్టి పొర ఉబ్బగానే పసిగట్టే ‘ఉబ్బుగ్రాహి’ అనే సెన్సర్‌ని ఎప్పుడో తయారుచేసింది. దానికి ఎర్రదీపం పెడితే మనవాళ్లు టేపు అంటించారు. బజర్ పెడితే తీగ కత్తిరించారు. కరెంటు దానంతటదే ఆగేలా చేస్తే పక్కనుంచి ఇంకో తీగ వేసుకున్నారు. మహానుభావులు! చివరికి ఆవిడ విసిగిపోయి ఉబ్బుగ్రాహికి తుమ్మడం నేర్పింది.

పరీక్ష రోజున ట్రాకు పక్కన ఇసుక పెట్టె సిద్ధం చేశారు. తీగలు కత్తిరించడంలో మొనగాడైన తేజోమూర్తి ఉబ్బిన బ్యాటరీతోనే వచ్చాడు. అది తనకు అచ్చొచ్చిందట. కారుని గీత మీద పెట్టి రిమోట్ అందుకున్నాడు.

కారు ‘హాఛ్’మని తుమ్మింది.

అతని వేలు ఆగిపోయింది. రాకెట్ ఇంజిన్లు విప్పి బిగించే మనిషి, శకునం లేదు గికునం లేదని గొణుగుతూనే కూర్చుని మంచినీళ్లు తాగాడు. హైమవతికి నవ్వాగలేదు. ఇంకో తుమ్ము తోడైతే శుభమే గానీ, ఆ రెండోది మంచి బ్యాటరీ పెడితేనే వస్తుందని అందరికీ చెప్పింది.

పాత బ్యాటరీ వదలడానికి తేజోమూర్తికి మనసొప్పలేదు. అటూ ఇటూ చూసి, చొక్కా అంచున దారప్పోగు పీకి ముక్కులో దూర్చుకుని తానే గట్టిగా తుమ్మాడు. జంటయిందంటూ రిమోట్ ఎత్తాడు. ఇన్నేళ్ల శ్రమా ఒక్క పోగుతో మంటగలిసిందనుకుంది హైమవతి.

కానీ తోటి పందెగాళ్లు ఒక్కొక్కరే తమ కార్లు వెనక్కి లాక్కున్నారు.

“తెచ్చిపెట్టుకున్న తుమ్ము ఎక్కడైనా చెల్లుతుందా బావా?” అన్నాడొకడు.

తేజోమూర్తి సోమయాజులు గారి వంక ఆశగా చూశాడు. భౌతికశాస్త్రం తప్ప దేన్నీ నమ్మని మనిషి, తన పక్షమే మాట్లాడతారనుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నారు.

“దొంగ తుమ్ము చెల్లదయ్యా. బ్యాటరీ మార్చు.”

మార్చక తప్పలేదు. పాతదాన్ని ఇసుక పెట్టెలో పెట్టి మూత బిగించారో లేదో, లోపల టపటపా పేలింది. రవ్వంత పొగ కూడా బయటికి రాలేదు. కొత్త బ్యాటరీతో కారు హాయిగా తుమ్మింది. జనం ఈలలు, చప్పట్లు! పందేలకు అనుమతి అక్కడికక్కడే వచ్చేసింది. తేజోమూర్తే ముందుకొచ్చి హైమవతికి దండం పెట్టాడు. ఆవిడకు సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి.

సందడి కాస్త తగ్గాక సోమయాజులు గారు ఆవిడను పక్కకు పిలిచారు.

“మా ఆక్సిజన్ ప్లాంటుకీ ఒక తుమ్ము పెట్టమ్మా. అక్కడ అందరూ డాక్టరేట్లే. ఏం చెప్పినా వినరు.”