డ్రైవర్ కావలెను

ఉదయం తొమ్మిది గంటలకు గూఢచారి డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ఆఫీసర్ చేతిలో టీ గ్లాసుతో లిఫ్ట్ ఎక్కాడు. నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి అతని గుండెల్లో రెండు తూటాలున్నాయి. టీ ఇంకా వేడిగానే ఉంది.

పది గంటలకు చీఫ్ తన కారు వెనకసీట్లో ఏజెంట్‌కి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"మన ఆఫీసు కంప్యూటర్లన్నిట్లోనూ శత్రువుల స్పైవేర్ దూరింది. దేన్నీ నమ్మలేం. ఇదిగో కొత్త లాప్‌టాప్, పెన్‌డ్రైవ్. విండోస్ బదులు లైనక్స్ ఎక్కించు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న సీక్రెట్ మెసేజ్ ప్రోగ్రామ్ లైనక్స్ మీద తప్ప నడవదు."

"మెసేజ్ ఎవరికి?"

"మందారానికి. పన్నెండింటికి మీటింగ్‌లో శత్రువుల కొరియర్ మన గూఢచారుల లిస్టుని ముఠా బాస్ చేతిలో పెడతాడు. అందులో మొదటి పేరు ఆమెదే."

మందారం ఆ విదేశీ ముఠా బాస్‌కి కుడిభుజం. ఆమె ఒక నవ్వు నవ్విందంటే మంత్రులు కూడా ఫైళ్ళు మర్చిపోతారు. లోలోపల మాత్రం మన డిపార్ట్‌మెంట్ మనిషి. లిప్‌స్టిక్ గొట్టంలో దాచిన, మెసేజ్‌లు అందుకుని పంపే పరికరాన్ని పదకొండూ నలభై అయిదుకి ఒకే ఒక్క నిమిషం తెరుస్తుంది.

"ఆవిడ నిజంగా ఎవరి వైపో నాకే అనుమానం," అన్నాడు చీఫ్.

"నాకు లేదు సార్. మా చెల్లెలు. ఈ ఊబిలోకి దించింది నేనే."

పదిన్నరకి ఏజెంట్ ఏసీ మెకానిక్ వేషంలో ఒక లాడ్జి గదిలో గడియ పెట్టుకున్నాడు. ఎగరేసిన నాణేన్ని తుపాకీతో కొట్టగల మనిషే గాని, కంప్యూటర్లంటే ఆమడ దూరం. చనిపోయిన ఆఫీసర్ రాసిపెట్టిన కాగితమొక్కటే దిక్కు.

లాప్‌టాప్ మొదట పెన్‌డ్రైవ్‌ని గుర్తే పట్టలేదు. కాగితం చూసి సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ అనే కాపలా ఆపేశాడు. లైనక్స్ మొదలైంది, మరుక్షణం స్క్రీన్ నల్లబడింది. గ్రాఫిక్స్ కార్డు పేచీ పెడితే 'నోమోడ్‌సెట్' అని టైపు చెయ్యమని ఉంది. ఎక్కడ చెయ్యాలో లేదు. నాలుగుసార్లు అడ్డమైన చోటల్లా కొట్టాక, అయిదోసారి, లాప్‌టాప్ ఆన్ కాగానే కనిపించే బూట్ మెనూలో లైను చివర పెడితే బొమ్మ వచ్చింది. ఈసారి టచ్‌ప్యాడ్ మొండికేసింది. ట్యాబ్ కీ నొక్కుకుంటూ, దేక్కుంటూ ఇన్‌స్టాల్ పూర్తి చేసేసరికి పదకొండూ ఇరవై.

వైఫై లేదు. అసలు వైఫై అనేదొకటి ఉన్నట్టే ఆ యంత్రానికి తెలియదు. వైఫైని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కావాలంటే ఇంటర్నెట్ నుంచి దించుకోవాలట. ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలట. ఆ పల్చటి లాప్‌టాప్‌కి నెట్ కేబుల్ పెట్టే రంధ్రం కూడా లేదు. మిషన్‌లో ఉన్నవాళ్ళు మొబైల్ దగ్గర పెట్టుకోకూడదని రూలు. కాగితంలో చివరి లైను చదివాడు: 'వైఫై దానంతటదే వస్తుంది. రాకపోతే నన్ను పిలవండి.'

పిలిస్తే పలికే స్థితిలో ఆ మహానుభావుడు లేడు.

గదిలో ల్యాండ్‌లైన్ ఉంది. ఆ లైన్లు ముఠా వింటోందని అనుమానం. అందుకే డిపార్ట్‌మెంట్‌లో ఫోన్ మాటలన్నీ ఇంటి మాటల్లా ఉండాలి, చీఫ్‌ని పెద్దనాన్న అనాలి.

"పెద్దనాన్నా, బండి సిద్ధంగా ఉందండీ. డ్రైవరే లేడు. డ్రైవర్ లేకపోతే చెల్లాయి దగ్గరికి టైముకి చేరలేను."

"డ్రైవర్ లేడా! ముందే చెప్పొద్దూ! కంగారుపడకురా. ఇప్పుడే పంపిస్తున్నా."

ఏజెంట్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. డ్రైవర్ ఎక్కించిన ఇంకో పెన్‌డ్రైవ్ వస్తుందనుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పదకొండూ నలభైకి తలుపు చప్పుడైంది. ఖాకీ చొక్కా, చేతిలో టోపీ.

"పెద్దయ్యగారు పంపారు సార్. బండి ఎక్కడుంది? తాళాలివ్వండి."

ఏజెంట్ మంచం మీద కూలబడ్డాడు. సంగీతం టీచర్ ఉద్యోగానికి అప్లికేషన్ రాసుకుంటున్న పిల్లని, దేశం కోసమంటూ తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇంకో అయిదు నిమిషాల్లో ఆమె ఆ గొట్టం తెరిచి, మెసేజేదీ లేదని చూసుకుని, నవ్వుతూ మీటింగ్‌లోకి నడుస్తుంది.

"నాక్కావలసింది మీరు కాదండీ," అన్నాడు నీరసంగా. "దీనికి నెట్ రావడానికి కావలసిన డ్రైవర్."

"నెట్టే గదా సార్?" డ్రైవర్ జేబులోంచి ఫోనూ, ఛార్జింగ్ వైరూ తీశాడు. "మా అమ్మాయి క్లాసులకి నా ఫోన్నే కంప్యూటర్‌కి గుచ్చుతుందండి. యూఎస్‌బీ టెథరింగో ఏదో అంటుంది. ఆ బటన్ ఇక్కడుంటుంది."

వైరు గుచ్చాడు. బటన్ నొక్కాడు. ఇంతసేపూ చుక్కలు చూపించిన లాప్‌టాప్ బుద్ధిగా కనెక్ట్ అయింది. ఏజెంట్ టైపు చేశాడు: 'మీటింగ్‌కి వెళ్ళకు. పేరు బయటపడింది.' పదకొండూ నలభై అయిదు దాటి యాభై సెకన్లకి మెసేజ్ వెళ్ళింది. అందిందో లేదో చెప్పే గుర్తేదీ రాలేదు.

పన్నెండయింది. పన్నెండుంబావు. ఏజెంట్‌కి తల్లి మొహం గుర్తొచ్చింది. ఆవిడకి ఏమని చెప్పాలో తెలియలేదు.

పన్నెండూ ఇరవైకి స్క్రీన్ మీద అక్షరాలు పడ్డాయి.

'బయటపడ్డాను అన్నయ్యా. కొరియర్ మెట్ల మీద ఎదురొచ్చాడు. లిస్టు నా దగ్గరే ఉంది, నా హైహీల్ ఒకటి వాడి నెత్తి మీద ఉంది. ఈసారి ఇంకాస్త ముందు చెప్పు.'

ఏజెంట్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎనిమిదేళ్ళుగా చెల్లెలికి చెప్పాలనుకుంటున్న ఒకే ఒక్క మాట 'క్షమించు'. టైపు చెయ్యబోయాడు. 'క్ష' దగ్గర కీబోర్డు చచ్చింది.

"రీస్టార్ట్ చేసి చూద్దామా సార్?" అంటూ డ్రైవర్ చెయ్యి ముందుకు చాపాడు.

ఏజెంట్ తుపాకీ తియ్యనే లేదు, అతను చూసిన చూపుకే డ్రైవర్ రెండు చేతులూ పైకెత్తాడు.