కారణం: బొట్టు

స్క్రూడ్రైవర్ మొనను డిస్కు మూతమీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి వింటోంది భవాని. డిస్కుల జబ్బు కనిపెట్టే యంత్రం నిదానికి వెయ్యి చెవులున్నా, ఆమెకు ఈ మోటు పద్ధతిమీదే గురి. లోపల పళ్ళేలు నున్నగా తిరుగుతున్నాయి. టకటక లేదు, గీరుడు లేదు.

"డిస్కు 1107 మరణదశలో ఉంది," అంది నిదాని పైకప్పులోంచి. "తొమ్మిది రోజుల్లో నాలుగు వేల లోపాలు. పదిన్నరకు పొడిమర."

పొడిమరలో పడ్డ డిస్కు లోహపు పిండిగా తప్ప బయటికి రాదు. సముద్రం మింగిన ఊళ్ళ గొంతులన్నీ ఈ స్వరకోశం డిస్కుల్లోనే ఉన్నాయి. చోటు చాలక రెండో నకలు తీయడం ఎప్పుడో మానేశారు. ఈ 1107లో నూకాలు తల్లి ఉంది. అంటే, ఆవిడ తిట్లున్నాయి. ఒక దసరా పొద్దున కూతుర్ని ఆరు నిమిషాలు ఏకధాటిగా తిట్టిన తిట్లు. ప్రతి గురువారం నూకాలు వచ్చి, వాటిని నవ్వుకుంటూ తిని వెళుతుంది. ఇవాళ గురువారమే.

"ఏటమ్మా, మాయమ్మ పలకదా ఇంక?" అంది నూకాలు, కిటికీ అవతలి బెంచీమీద నుంచి. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం బడిపిల్లలా వణికింది.

"చూస్తున్నాను నూకాలమ్మా, కాస్త ఓపిక పట్టండి."

భవాని లోపాల పట్టీ తెరిచింది. సమాచారం దాచే గడుల్లో చెడినవి సున్నా. చావబోయే డిస్కుకు ముందు చెడేవి గడులే. ఇక్కడ లోపాలన్నీ సమాచారం బయటికొచ్చే దారిలో పుట్టాయి. ఇల్లు బాగానే ఉంది, గుమ్మంలోనే ఏదో అడ్డం పడింది.

"నిదానీ, మొదటి లోపం ఎప్పుడు?"

"ఆశ్వయుజ శుద్ధ నవమి, ఉదయం తొమ్మిది."

భవాని తిథి లెక్కేసుకుంది. ఆయుధపూజ. ఆ పొద్దున ఈ వరసలో ప్రతి డిస్కుకూ పసుపు రాసి బొట్టు పెట్టింది తనే. కేబుల్ పీకి చూసింది. దాని కొనన బంగారు పళ్ళ సందుల్లో ఎర్రగా కుంకుమ. వేలు తడిగా ఉండి ఉంటుంది.

"నా చేతులు పడిపోను," అని గొణుక్కుంటూ స్పిరిట్ దూదితో తుడిచి, కేబుల్ బిగించింది. లోపాల అంకె కదలడం ఆగిపోయింది.

"కారణం లేనిదే తీర్పు మారదు," అంది నిదాని. "ధూళి, తేమ, కంపనం. ఒకటి ఎంచండి."

ధూళి అంటే చాలు. 1107 బతుకుతుంది, తన పేరూ బయటపడదు. కాని ఈ వరసవే మరో పదహారు డిస్కులు ఇవాళ్టి తీర్పుతో పొడిమర పట్టామీద ఉన్నాయి. వాటి నుదుటా తన వేలే పడింది. తెలిస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. భవాని పైకప్పు వైపు తలెత్తింది.

"కారణం, బొట్టు. పెట్టింది భవాని. వరస మొత్తానికీ పెట్టాను."

"బొట్టు పట్టికలో లేదు."

"చేర్చు."

ఎన్నడూ తడుముకోని నిదాని తడుముకుంది. హాలు చివర పొడిమర రొద ఆగింది.

"పదిహేడు తీర్పులూ రద్దు. ఇకపై మరణదశ ప్రకటించే ముందు, ఒక మనిషి కేబుల్ పీకి చూడాలి."

భవాని కిటికీ దగ్గరికి వెళ్ళి స్పీకర్ మీట నొక్కింది.

"అద్దం సూసుకోకండా బొట్టెట్టీసుకుంటావేటే?" అంది మునిగిన ఊరి గొంతు. "ముక్కు నిండా కుంకమే. అవి సేతులా, సీపురుకట్టలా?"

భవాని తల దించుకుంది.

"నిన్ను కాదులేమ్మా," అంది నూకాలు, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

"నన్నే," అంది భవాని.