ఆదివారం మాత్ర

మందుల షాపాయన డిటెక్టివ్ ఆఫీసులోకి వస్తూనే కుర్చీలో కూలబడ్డాడు. "మా అక్క నాతో మాట్లాడి పది రోజులైందండీ. నేను నకిలీ మందు ఇచ్చానంటోంది!"

డిటెక్టివ్‌ను అందరూ చత్వారం అనే పిలుస్తారు. ఏ కాగితమైనా చెయ్యి బారచాపి చదువుతాడు మరి. అసిస్టెంటు రిటైరైన టైపిస్టు; ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే మహాతల్లి.

దర్జీ పని చేసే ఆ అక్కకు ఎముకలు గుల్లబారాయి. డాక్టరు వారానికో మాత్ర రాశాడు. రెండేళ్లు వాడినా స్కానులో ఎముకలు ఇంకా పల్చబడ్డాయి. మొన్న ఇస్త్రీపెట్టె ఎత్తబోతే వెన్నుపూస విరిగింది. ఇంకోటి విరిగితే మిషను ముందు కూర్చోవడం కల్ల.

"ల్యాబులో అసలు మందేనన్నారు. అయినా నమ్మదే! సొంత అక్కే కదా అని, కవరు కూడా వెయ్యకుండా జేబులో పెట్టుకెళ్లి ఇచ్చేవాణ్ణి."

ముగ్గురూ అక్క ఇంటికి వెళ్తూ దారిలో షాపు దగ్గర ఆగారు. అలాంటి మాత్రలే కొన్న ఒక పెద్దాయనకు షాపాయన కవరు మీద నాలుగు లైన్లు రాసి, రెండుసార్లు చదివి వినిపించాడు.

అక్క నడుముకు పట్టీతో మంచం మీద కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూసి మొహం తిప్పుకుంది. చత్వారం సొరుగులోని ఖాళీ స్ట్రిప్పులు చూశాడు. ఒక్క మాత్రా తప్పలేదు. పక్కన బల్ల మీద గ్లాసు, చిన్న గిన్నెలో మీగడ.

"ఈ మీగడేంటి?"

"తనకి పడదండీ," అన్నాడు బావ. "ప్రతి ఆదివారం తను లేవగానే పాలు కాచి, మీగడ తీసి, మాత్ర చేతిలో పెడతాను. నేనే, ఒక్క వారం మానలేదు."

"మందు మంచిదే, మానిందీ లేదు. మరి దోషి ఎవరండీ?" అసిస్టెంటు ఆగలేకపోయింది.

చత్వారం బయటికెళ్లి డాక్టరుకు ఫోను చేసి వచ్చి, అందరినీ మంచం చుట్టూ కూర్చోబెట్టాడు. "పాలు."

బావ మొహం పాలిపోయింది. "ఎముకలకు మంచిదనే కదండీ..."

"మంచిదే, ఈ మాత్రతో కాదు. పాలలోని కాల్షియం మాత్రను కడుపులోనే పట్టేసుకుంటుంది, ఒంటికి పట్టనివ్వదు. పరగడుపున మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. ఈ సంగతి ఊళ్లో అందరి కవర్ల మీదా రాసిచ్చే మనిషి ఒకాయన ఉన్నాడు. సొంత అక్కకి మాత్రం కవరే వెయ్యలేదు."

షాపాయన తల పట్టుకున్నాడు. "నేనే అక్కా! నీకు చెప్పాల్సిన పనేముందిలే అనుకున్నాను."

"డాక్టరుగారితో మాట్లాడాను," అన్నాడు చత్వారం. "వెన్ను అతుక్కుంటుంది. ఇకనైనా సరిగ్గా మింగితే మందు తన పని తను చేస్తుందట."

అక్క మొగుడి చెయ్యి పట్టుకుంది. "బాధపడకండి. పాలు సాయంత్రం ఇద్దురుగాని, మీగడ తీసి." పది రోజుల్లో మొదటిసారి తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నేను పరాయిదాన్ననుకో. కవరు మీద రాసివ్వు."

అతను కళ్లు తుడుచుకుంటూ రాశాడు.

"చదువు," అంది అక్క. "రెండుసార్లు."