కమాండర్ బూట్లు

"డమ్మీ తుపాకుల్లో ఒకటి అసలుది. అది ఎవరి చేతిలో ఉందో కనిపెట్టు. మంత్రి ప్రాణానికి నీదే పూచీ."

ఇయర్‌పీస్‌లో చీఫ్ నరసింగరావు గొంతు ఆగిపోయింది. ఏజెంట్ గోవింద్ పెట్టుడు గడ్డం సర్దుకున్నాడు. 2013 మే నెల. భావనపాడు బీచ్‌లో సినిమా క్లైమాక్స్. నిన్నగాక మొన్న స్వతంత్రం వచ్చిన కంబారా అనే ఆఫ్రికా దేశపు విప్లవం కథ. ఆ దేశపు మంత్రి స్వయంగా షూటింగ్ చూడ్డానికి వచ్చాడు. ఆయన్ను చంపి అక్కడ మళ్లీ చిచ్చు రేపాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. అందుకే గోవింద్ మూడు నెలలుగా జూనియర్ ఆర్టిస్టు వేషంలో తిరుగుతున్నాడు.

ఆ మూడు నెలల్లో ఏజెంటు చేయకూడని పని ఒకటి చేశాడు. విప్లవ కమాండర్ వేషం వేస్తున్న హీరోయిన్ ఈశ్వరిని ప్రేమించాడు. తనది హైదరాబాద్ అందామె. తనదీ హైదరాబాదేనని ఇతనూ ఒక కోత కోశాడు. ప్యాకప్ అయ్యాక నిజం చెప్పేసి పెళ్లి మాట ఎత్తుదామనుకున్నాడు, పాపం.

"యాక్షన్!"

బాంబులు పేలాయి. ఈశ్వరి తుపాకీతో పడవ దగ్గరికి పరుగెత్తింది. పడవెక్కి, వెనక్కి తిరిగి, కెమెరా వైపు కాల్చాలి. కెమెరా పక్కనే మంత్రి కుర్చీ. రిహార్సల్స్‌లో పదిసార్లు ప్లైవుడ్ పడవలోకి బూట్లతోనే దూకింది. ఇవాళ ఆగింది. బూట్లు విప్పి ఇసుకలో పెట్టింది. పడవ ముక్కును తాకి, కళ్లకద్దుకుని ఎక్కింది.

గోవింద్‌కు విషయం అర్థమైంది. అతనూ కళింగపట్నం పడవల వాళ్ల బిడ్డే. పడవ తల్లితో సమానం, చెప్పు కాలితో ఎవరూ ఎక్కరు. అంటే సెట్ పడవ స్థానంలో అదే రంగు పూసిన అసలు పడవ వచ్చింది. ఆ సంగతి ఈమెకు ముందే తెలుసు. పారిపోయే పడవ అసలుదైతే తుపాకీ కూడా అసలుదే.

ఒక్క గెంతున వెళ్లి తుపాకీ గొట్టం పైకి కొట్టాడు. తూటా మంత్రి గొడుగును చీల్చుకుపోయింది. మంత్రి బతికాడు.

ఈశ్వరికి బేడీలు వేస్తుంటే గోవింద్‌కు ఏడుపు ఆగలేదు. దాచుకున్న యాస తన్నుకొచ్చింది.

"బూట్లెందుకిప్పినావే?"

ఈశ్వరి తెల్లబోయింది. "మా అయ్య పడవది. బూట్లతో ఎలాగ తొక్కుతాను? నువ్వు మనోడివేటి? ముందే సెప్పలేదేటి?"

"నువ్వు సెప్పినావేటి?"

"ఇయ్యాల పనైపోనాక సెప్పేద్దామనుకున్నాను."

"నేనూ అంతే."

ఎండకు ఇసుక కాలిపోతోంది. బేడీలున్న చేతులతో ఆమె బూట్లు తొడుక్కోలేకపోయింది. గోవింద్ మోకాళ్ల మీద కూర్చుని తొడిగి, లేసులు కట్టాడు.

వెనక నుంచి డైరెక్టర్ మైకులో అరిచాడు. "ఏడుపు అదిరింది! కానీ బూట్ల కంటిన్యుటీ పోయింది. వన్ మోర్!"