చిలుక ముక్కున మిరపపండు

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఒక పాత భవనం రెండో అంతస్తుకి ఎక్కివచ్చిన శకుంతల, కుర్చీలో కూర్చోకముందే "మా ఆయనకి చెప్పకుండా వచ్చానండీ" అంది.

శ్రీరామమూర్తి ఆమెకు మంచినీళ్లిచ్చాడు. ఆయన దోహాలో ముప్ఫై ఏళ్లపాటు బీమా కంపెనీ తరఫున కాలిపోయిన గోదాములూ, తాళాలు పగిలిన బీరువాలూ పరిశీలించి రిటైరైన మనిషి. ఇప్పుడు తెలుగువాళ్లు పోలీసుల దాకా తీసుకెళ్లలేని గొడవలు ఆయన దగ్గరికి తెస్తుంటారు. ఆయన సహాయకుడు నిరంజన్ ఒక టైపింగ్ సెంటర్లో ఉద్యోగి. సెలవు దొరికితే చాలు, నోటు పుస్తకంతో ఇక్కడ వాలిపోతాడు. గురువుగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

"మా హాల్లో ఉండే పాత చిత్రం పోయిందండీ" అంది శకుంతల. "కానీ నా భయం దాని గురించి కాదు. గోడలకి రంగులేసిన రాజేందర్ అనే అతన్ని దొంగ అన్నారు. అతని కంపెనీవాళ్లు ఆదివారం విమానం ఎక్కించి పంపేస్తున్నారు. పని మొదలుపెట్టిన రోజు అతను ఆ చిత్రాన్నే చూస్తూ నిలబడ్డాడని చెప్పింది నేనేనండీ. ఒకవేళ అతను తియ్యకపోతే?"

ఆమె భర్త వేణుగోపాలరావుది గుంటూరు. ఇక్కడ ఇంజనీరు. పోయినది రెండడుగుల చెక్కపలక మీద వేసిన బంగారు పూత చిత్రం. విజయనగరంలో రెండో దేవరాయలు తమ పూర్వీకుడికి బహూకరించాడని రావుగారి నాన్న చెప్పేవాడట. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ చిత్రం, ఆ తరువాతే కాఫీ. రేపు సాయంత్రం తెలుగు సంఘంలో ఆయన ఉపన్యాసం కూడా పెట్టారు. 'ఓడలు కలిపిన ప్రపంచం' అని పేరు. అయిదారు వందల ఏళ్ల కిందట నావికులు ఖండాల మధ్య సరుకులనీ, కళలనీ, ఆలోచనలనీ ఎలా మోశారన్నది విషయం. చివర్లో చిత్ర ప్రదర్శన.

శకుంతల ఫోన్లో ఆహ్వానం చూపించింది. "రెండుసార్లు పంపారేం?" అన్నాడు శ్రీరామమూర్తి.

"మొదటిదాంట్లో అచ్చుతప్పు ఉందని మంగళవారం రాత్రి సరిచేసి పంపారండీ."

"నిరంజన్, రెండూ పొల్లుపోకుండా రాసుకో."

నిరంజన్ రాసుకున్నాడు. వేళ అదే, చోటు అదే. మొదటిదాంట్లో 'రాణి చేతిమీద, ముక్కున మిరపపండు పట్టిన చిలుక' అని ఉంది. రెండోదాంట్లో 'ముక్కున దొండపండు పట్టిన చిలుక' అని ఉంది. చిలుకలకి దొండపండ్లు ఇష్టమే కాబట్టి అతనికి అందులో వింతేమీ తోచలేదు.

పది గంటలకి ముగ్గురూ అల్ మన్సూరాలోని ఫ్లాటుకి చేరారు. నడవాలో అడ్డంగా ఉన్న పెద్ద అట్టపెట్టె నిరంజన్ మోకాలికి కొట్టుకుంది.

"కార్గో అండీ, గుంటూరులో మా బావగారింటికి" అంది శకుంతల నొచ్చుకుంటూ. "దుప్పట్లూ సబ్బులూ. సోమవారం తీసుకెళ్తారు. ఈసారి టేపు కూడా మా ఆయనే వేసేశారు. ఎప్పుడూ మంచినీళ్ల గ్లాసు కూడా కదపరు."

వేణుగోపాలరావు వాళ్లను చూసి తెల్లబోయాడు, కానీ మర్యాద తప్పలేదు.

"అసలిదంతా ఎందుకండీ, పాపం అతనికి పోలీసు కేసు కాకూడదనే నేను ఊరుకున్నాను. బుధవారం పొద్దున్న చిత్రాన్ని నేనే దించి, దుప్పట్లో చుట్టి పడగ్గదిలో పెట్టాను. సాయంత్రం నాలుగింటికి అతను పని ముగించి వెళ్లాడు. ఆరింటికి మళ్లీ గోడకి తగిలించాను. గురువారం పొద్దున్న నిచ్చెనా, సామాన్లమీద కప్పిన గుడ్డలూ పట్టుకెళ్లడానికి వచ్చాడు. నేను ఆఫీసు తొందర్లో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే గోడ బోసిగా ఉంది."

"తగిలించాక మీరు చూశారా అమ్మా?"

"లేదండీ. బుధవారం మా పాప అమ్ముని డ్యాన్స్ క్లాసు నుంచి తెచ్చేసరికి ఎనిమిదిన్నర. రంగు వాసన వస్తుందని హాలు తలుపు మూసేశారు. మర్నాడు పొద్దున్నా మూసే ఉంది. అమ్ముని బస్సెక్కించి అటే డ్యూటీకి పోయాను."

శ్రీరామమూర్తి కుర్చీ లాక్కుని ఎక్కాడు. గోడకి లేత గోధుమరంగు. చిత్రం వేలాడిన స్క్రూకి కూడా అదే రంగు పూశారు. ఆయన దాని మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. రంగు నున్నగా ఉంది, ఎక్కడా చెక్కు చెదరలేదు. కిందికి దిగి, బల్లమీదున్న ఉపన్యాసం కాగితాలు తిరగేశాడు. నాలుగో పేజీ దగ్గర కాసేపు ఆగాడు. అందులో పొగాకు, సీతాఫలం, జామ, మిరప అని ఒక వరస ఉంది.

"బాగా రాశారండీ" అన్నాడు. రావు ముఖం ఎర్రబడింది.

అక్కణ్నుంచి సనయ్య అనే పారిశ్రామిక వాడలోని కార్మికుల క్యాంప్‌కి వెళ్లారు. ఫోర్‌మన్ నర్సింగ్ గది చూపించాడు. గదికి ఎనిమిదిమంది. కింది మంచం మీద నలభై ఏళ్ల రాజేందర్ మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

"రావు సారు ఫోన్ జేసిండు. పెట్టె తెరవక తప్పలే. సారు సుత వచ్చిండు" అన్నాడు నర్సింగ్.

"ఎక్కడ తెరిచారు?"

"మెస్సుల."

"అందరి ముందా?"

నర్సింగ్ తల వంచుకున్నాడు. "అన్నం టైము సార్. అందరున్నరు."

మంచం కింద రేకుపెట్టె ఉంది. ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ శ్రీరామమూర్తి చెయ్యి దానివైపు వెళ్లింది.

"చూడుండ్రి సార్" అన్నాడు రాజేందర్. "అందరు చూసిండ్రు. మీరొక్కరే మిగిలిండ్రు."

శ్రీరామమూర్తి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం నిరంజన్ అంతకుముందెప్పుడూ చూడలేదు. తన నోటు పుస్తకం మీద కూడా అతనికి సిగ్గేసింది. దాన్ని మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ గోడకున్న స్క్రూ తీసి రంగేశావా?" అన్నాడు శ్రీరామమూర్తి, గొంతు తగ్గించి.

"తియ్యలే సార్. మేడం ఉండనియ్యమన్నది. దానికి సుత గోడతోపాటే బూసిన."

"చిత్రాన్ని అంతసేపు ఎందుకు చూశావయ్యా?"

"మంచిగున్నదని చూసిన. సారు చాయ్ ఇచ్చి, వాళ్ల తాతల ముచ్చట చెప్పిండు. విన్న."

"అంతేనా?"

"అంతే సార్" అన్నాడు కానీ, చూపు తిప్పుకున్నాడు.

"నీదే ఊరు?"

"నిర్మల్ దగ్గర. ఇంటికి ఇంక ఏం చెప్పలే సార్. మా ఊళ్లె గల్ఫంత దుబాయే. దుబాయ్‌ల దొంగతనం జేసి వచ్చిండంటరు. నా బిడ్డ సుమలత ఇంటర్ చదువుతున్నది. రేపు అది కాలేజ్‌కి ఎట్ల పోతది?"

కార్లో కూర్చోగానే నిరంజన్ "అతను ఏదో దాస్తున్నాడు సార్" అన్నాడు.

"అవును. కానీ అది తనకోసం దాస్తున్నది కాదనుకుంటాను."

చివరగా ఉమ్ ఘువైలినాలో ఖమర్ సుల్తానా ఇంటికి వెళ్లారు. హైదరాబాదులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై, కొడుకు దగ్గర ఉంటోందామె. రేపటి సభకి ముఖ్య అతిథి.

"మంగళవారం సాయంత్రం రావుగారికి నేనే ఫోన్ చేశానండీ" అంది. "ఆహ్వానంలో ఫొటో చిన్నది, నా కళ్లు అంతంతమాత్రం. చిలుక నోట్లో ఉన్నది మిరపకాయేనా అని అడిగాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తరువాత 'దొండపండు' అన్నారు. సరే, దగ్గర్నుంచి చూసి మురిసిపోతాను అన్నాను. నేనేమైనా తప్పుగా అడిగానా?"

"లేదమ్మా. అడగాల్సిందే అడిగారు."

శనివారం ఉదయం రావుగారి హాల్లో అందరూ కూర్చున్నారు. సోఫాలో భార్యాభర్తలు, పక్కన ఖమర్ సుల్తానా, గోడవారన నర్సింగ్. రాజేందర్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని శకుంతల రెండుసార్లు అన్నా కూర్చోలేదు.

శ్రీరామమూర్తి తొందరపడలేదు.

"రావుగారూ, బుధవారం ఆరింటికి చిత్రాన్ని మళ్లీ తగిలించానన్నారు. ఆ స్క్రూకి అంతకు రెండు గంటల ముందే రంగు పూశారు. పచ్చి రంగు. దానిమీద బరువైన పలకని తీగతో వేలాడదీస్తే రంగు లేచిపోవాలి, కనీసం గీతైనా పడాలి. నిన్న నేను తడిమి చూశాను. వేసింది వేసినట్టే ఉంది. అంటే ఆ చిత్రం గోడమీదికి తిరిగి రానేలేదు. గురువారం గోడమీద లేనిదాన్ని రాజేందర్ గోడమీంచి ఎలా తీస్తాడు?"

శకుంతల భర్త వైపు తిరిగింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"నా చిత్రాన్ని నేనే దొంగిలించుకుంటానా?" అన్నాడు రావు.

"దొంగిలించలేదు, దాచారు. ఎందుకో చెప్తాను. దేవరాయలు ఏలింది పద్నాలుగు వందల ఇరవై నాలుగు నుంచి నలభై ఆరు దాకా. కొలంబస్ సముద్రం దాటింది పద్నాలుగు వందల తొంభై రెండులో. అమెరికా నేలమీద పండిన మిరప ఆ తరువాతే ఓడలెక్కింది. పోర్చుగీసు వాళ్లతో మన తీరానికి వచ్చింది."

"అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలే" అంది ఖమర్ సుల్తానా మెల్లగా.

"దేవరాయల చిలుకకి మిరపపండు దొరికే దారే లేదు. ఆ సంగతి రావుగారు తన ఉపన్యాసం నాలుగో పేజీలో తానే రాశారు. అయినా గోడమీది చిలుక దగ్గరికి వచ్చేసరికి తోచలేదు. గుంటూరులో పుట్టి పెరిగిన మనిషికి మిరపకాయ పరాయిదని ఎందుకు తోస్తుంది? మంగళవారం ఈ అమ్మగారు అడిగాక తోచింది. ఆ రాత్రే ఆహ్వానంలో మిరపపండుని దొండపండు చేశారు. అచ్చులో మార్చగలిగారు కానీ, పలకమీద మార్చలేరు కదా. సభలో అందరూ దగ్గరికొచ్చి చూస్తారు."

ఆయన బల్లమీద ఒక కత్తెర పెట్టాడు.

"కార్గో పెట్టె మీరే విప్పితే బాగుంటుందండీ. ఒకరి పెట్టె నేను తెరవలేను."

వేణుగోపాలరావు కత్తెర అందుకుని నడవాలోకి వెళ్లాడు. టేపు కోసే చప్పుడు వినిపించింది. రెండు దుప్పట్ల మధ్య నుంచి తీసిన పలకని తెచ్చి బల్లమీద పెట్టాడు. రాణి చేతిమీద చిలుక, దాని ముక్కున పచ్చని తొడిమతో వంపు తిరిగిన ఎర్రటి మిరపపండు. దొండపండని ఎవరనగలరు!

"చిత్రం పోయిందంటే సభ ఆగిపోతుంది, ఎవరూ ఏమీ అడగరనుకున్నాను" అన్నాడు రావు నేలవైపు చూస్తూ. "ఎవరు తీశారని అడుగుతారన్న ఆలోచనే రాలేదు. శకుంతల ఇతని పేరు చెప్పింది. నేను కాదనలేదు. తరువాత ఎవరో ఇతని మేనేజరుకి చెప్పమన్నారు, చెప్పాను. క్యాంప్‌కి రమ్మన్నారు, వెళ్లాను. ప్రతిసారీ ఇక్కడితో అయిపోతుందనుకున్నాను."

"ఇతని పెట్టెలో లేదని తెలిసి కూడా నిలబడి చూశారా?" అంది శకుంతల. "నా నోటితో దొంగ అనిపించారు కదండీ!" ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. రాజేందర్‌కి ఎదురుగా ఎలా కూర్చోవాలో ఆమెకి తెలియలేదు.

శ్రీరామమూర్తి రాజేందర్ వైపు తిరిగాడు. "ఇప్పుడైనా చెప్పు. నువ్వు చూసిందేమిటి?"

రాజేందర్ ముందుకొచ్చి పలక అంచు మీద వేలు పెట్టాడు.

"అది మా నిర్మల్ బొమ్మ సార్. రాజుల కాలంది గాదు. డ్యూకో రంగులు, కార్లకేసే రంగులు. మా తాత సుత గిట్లనే ఏస్తుండె. అరవై ఏండ్లుంటయి, అంతే. చూడంగనే ఎరుకైంది."

"మరి చెప్పలేదేం?" అన్నాడు రావు.

"మీరు చాయ్ ఇచ్చిండ్రు. మీ పెద్దోళ్ల ముచ్చట ఖుషీగ చెప్తున్నరు. సిగ్గుపడ్తరని ఊకున్న. మొన్న మెస్సుల పెట్టె తెరిచినప్పుడు సుత చెప్దామనుకున్న. మీరు అక్కడనే ఉండిరి. అందరి ముందర మీ ఇజ్జత్ పోతదని చెప్పలే."

ఆ మాటకి ఆ గదిలో తలెత్తుకుని ఉన్నవాళ్లు ఎవరూ లేరు. నిరంజన్‌కి కూడా, తను చేసిన తప్పేమీ లేకపోయినా, ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఎదుటివాడి పరువు కాపాడటానికి ఒకతను నోరు మూసుకున్నాడు. రెండోవాడు తన పరువు కోసం అతన్ని దొంగని చేశాడు. ఇద్దరిలో చదువుకున్నవాడు ఎవరో చెప్పడం ఇక అతని వల్ల కాలేదు.

వేణుగోపాలరావు రెండు చేతులూ జోడించాడు. "క్షమించు రాజేందర్."

"వద్దు సార్" అన్నాడు రాజేందర్. "ఈడ చెప్తె ఏమొస్తది? మెస్సుల చెప్పుండ్రి. ఇయ్యాల్నే."

నర్సింగ్ అక్కడికక్కడే ఆఫీసుకి ఫోన్ చేసి టికెట్ ఆపించాడు. ఆ ఫోన్ మొదటిరోజే చేసి ఉంటే బాగుండేదని అతని ముఖంలోనే కనిపించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి మెస్సు కిక్కిరిసి ఉంది. ఇస్త్రీ చొక్కాతో వచ్చిన పెద్దమనిషిని చూసి తినేవాళ్లు తలలెత్తారు. రెండు రోజుల కిందట వచ్చినవాడేనని గుర్తుపట్టారు. రావు అందరికీ వినిపించేలా మొదలుపెట్టాడు.

"రాజేందర్ ఏ తప్పూ చెయ్యలేదు. నా వస్తువు నా ఇంట్లోనే ఉంది..."

"హిందీల చెప్పుండ్రి సార్" అన్నాడు రాజేందర్ పక్కనుంచి. "ఆ దినం నా పెట్టె చూసినోళ్లల్ల తెలుగోళ్లు నలుగురే."

రావుకి హిందీ అంతంతమాత్రం. చెమట తుడుచుకుని, రాజేందర్ దొంగతనం చెయ్యలేదనీ, తనే దాచి అబద్ధం చెప్పాననీ ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు. "ఇస్‌నే చోరీ నహీ కియా. మైనే ఛుపాయా. మైనే ఝూఠ్ బోలా."

ముందు బల్ల దగ్గర ఒక నేపాలీ ముసలాయన, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, కోపంగా కాకుండా నిజంగా తెలుసుకుందామన్నట్టు "క్యోఁ సాబ్?" అని, ఎందుకలా చేశారని అడిగాడు.

వేణుగోపాలరావు రాజేందర్ వైపు వంగి, చిన్న గొంతుతో అడిగాడు.

"సిగ్గుని హిందీలో ఏమంటారయ్యా?"

"శరమ్ అంటరు సార్."

రావు ముసలాయన కళ్లలోకి చూసి ఆ మాట చెప్పాడు. వెనక బల్లల వాళ్లు వినపడలేదన్నారు. ఇంకొంచెం గట్టిగా, మళ్లీ చెప్పాడు.