రంగు తీసిన తెర

...అయినా అందరూ ఎరుపు అంటున్నది అందరికీ ఒకే ఎరుపని ఎవరు చూసొచ్చారు? ఒకరి కళ్లలోకి ఇంకొకరు దూరి చూడలేదుగా. పేరు ఒకటైనంత మాత్రాన లోపల కనిపించేదీ ఒకటే కావాలా?

"బషీర్! వింటున్నావా?"

"వింటున్నానండీ," అన్నాడు సీక్రెట్ ఏజెంట్ బషీర్, ఖాకీ చొక్కా సర్దుకుంటూ. ఈ కేసులో అతని వేషం ఏసీ మెకానిక్.

మచిలీపట్నంలో, బయటికి ఐస్ ఫ్యాక్టరీలా కనిపించే భవనంలో చీఫ్ ధర్మారావు బ్రీఫింగ్ ఇస్తున్నాడు. ఉప్పెన వచ్చి రెండేళ్లయింది. దివిసీమలో కొత్తగా కట్టిన కరకట్టను పేల్చడానికి విదేశీ ముఠా ఒకటి పడవనిండా డైనమైట్‌తో వచ్చి మడ అడవుల్లో నక్కింది. సాయంత్రం సముద్రం పోటు మీదుంటుంది. అప్పుడు కట్ట తెగితే, ఒకసారి శవాలను ఏరుకున్న ఊళ్లే మళ్లీ మునుగుతాయి.

"పొద్దున మన విమానం తీసిన ఫొటో కంప్యూటర్లో ఉంది. అందరం కళ్లు కాయలు కాసేలా చూశాం. పడవ లేదు. నిన్ను పిలిపించమని మహమూదా పట్టుబట్టింది."

మహమూదా కన్సోల్ ముందు నుంచి తిరిగి నవ్వింది. షిఫాన్ చీర, తలమీదికి తోసిన నల్ల కళ్లద్దాలు. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన డబుల్ ఏజెంట్ ఆమె. కంప్యూటర్ నడిపేదీ ఆమే.

"రండి బషీర్ భాయ్. రంగుల టీవీ! మన పేటలో ఎవరైనా కల్లోనైనా చూశారా?"

ఇద్దరిదీ బందరు అద్దకాల పేటే. పక్కపక్క ఇళ్లు. చిన్నప్పుడు ఎరుపు అద్దమంటే ఆకుపచ్చ గిన్నెలో అచ్చు ముంచి, చీరంతా పాడు చేశాడు బషీర్. "వీడికి రంగులు తెలీవు, ఎందుకూ పనికిరాడు," అంది నాయనమ్మ బీబీజాన్. గోడ మీంచి మహమూదా కిసుక్కున నవ్వింది.

ఆ రోజు నుంచి అతను ఏ రంగూ ఎవర్నీ అడగలేదు. రైలు సిగ్నల్లో పై దీపమేదో కింది దీపమేదో గుర్తుపెట్టుకున్నాడు. డిపార్ట్‌మెంట్ కంటి పరీక్ష పుస్తకాన్ని బట్టీ పట్టాడు. విషయం బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం కాక అతనికింకేముంది?

తెర చూశాడు.

పడవ కనపడింది. వెతక్కుండానే, సూటిగా.

వీళ్లకెందుకు కనపడదు? తెరమీది ప్రతి చుక్క వెనకా ఒక అంకె. ఏ అంకెకు ఏ రంగు వెయ్యాలో చెప్పేది కలర్ టేబుల్. అంకెలు విమానం తెచ్చినవే. అబద్ధం టేబుల్‌లో ఉంది. పక్కపక్క అంకెలకు ఒకదానికి ఎరుపు, ఒకదానికి ఆకుపచ్చ పెట్టి ఎవరో చిందరవందర చేశారు. మామూలు కళ్లు ఆ మచ్చల్లో చిక్కుకుంటాయి. అతని కళ్లకు ఆ రెండూ ఒకటే కాబట్టి, మిగిలింది వెలుగూ నీడే.

టేబుల్ మార్చగలిగింది ఒక్క మనిషే. తనను ఏరికోరి పిలిపించిందీ ఆ మనిషే. అద్దకాల పేటలో రంగు తెలియనివాడంటే గుడ్డివాడి కిందే లెక్క. ఆమె లెక్కా అదే: వీడూ లేదంటే వెతుకులాట ఆగిపోతుంది.

"ఏమైనా కనపడిందా భాయ్? ఆ ఎర్ర మచ్చ పక్కన చూడండి." పెదవి చివర అదే పాత నవ్వు.

లేదంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, ఊళ్లుండవు.

బషీర్ చెయ్యి చాపి కలర్ నాబ్‌ను సున్నాకు తిప్పేశాడు.

రంగులు కారిపోయి తెర బూడిదైంది. మూడో పాయ మలుపులో, రెండు కొసలూ మొనదేలిన నల్లటి పడవ.

"నా కళ్లతో చూడండి సార్! పుట్టినప్పటినుంచీ నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఆ సంగతి తెలిసే ఈవిడ నన్ను పిలిపించింది. టేబుల్ మార్చింది ఈవిడే."

మహమూదా వానిటీ బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. బషీర్ స్పానర్ ఆమె మణికట్టును ముందే తాకింది.

ధర్మారావు వైర్‌లెస్ అందుకున్నాడు. "మడపీత, మడపీత! మూడో పాయ మలుపు. కదలండి!"

కోడ్‌నేమ్ మడపీత అంటే పెద్దిరాజు, చేపల పడవలతో కాపు కాస్తున్న మనిషి. అందరూ వైర్‌లెస్ చుట్టూ మూగారు. చివరికి గరగరమంటూ గొంతు వచ్చింది. "దొరికార్సార్! కట్ట దాకా వచ్చేశారండీ. ఇంజన్ ఫ్యానుకి మా వలలన్నీ చుట్టేశాం. ఒకడు వత్తి ముట్టించేశాడు గానీ, మావోడు దాని మీదకి నీళ్లు చిమ్మేశాడు. కొత్త వలలు సార్, ఎవరిస్తారు?"

మహమూదాను తీసుకెళ్లాక ధర్మారావు గొంతు సవరించుకున్నాడు. "రూల్స్ తెలుసుగా. నీ కళ్ల సంగతి రిపోర్ట్ చెయ్యక తప్పదు. గుడివాడ మీదుగా బెజవాడ వెళ్లు. మెడికల్ బోర్డు."

"రాయండి సార్. ఆ కళ్లకే పడవ దొరికిందని కూడా రాయండి."

"మొండివాడివయ్యా. బయట రెండు జీపులున్నాయి, ఎర్రది ఎక్కు."

బషీర్ గుమ్మం దాటాడు. జీపులు రెండూ ఒకేలా ఉన్నాయి. ఎప్పటిలాగైతే బీడీ వెలిగించుకుని, ఎవరో ఒకరు ఎక్కేదాకా ఆగేవాడు. వెనక్కి తిరిగి, సెంట్రీలందరికీ వినపడేలా అడిగాడు.

"ఏది ఎర్రదో వేలు పెట్టి చూపించండి సార్!"